బెజవాడ టీ గ్లాసు: ఎవరికి, ఎప్పుడు, ఏది

విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా, గుంటూరు అరండల్‌పేటలోనైనా టీ కొట్టు బోర్డులు ఈమధ్య బాగా పొడుగయ్యాయి. ఒకప్పుడు టీ, కాఫీ, బాదంపాలు ఉంటే చాలనుకునేవారు. ఇప్పుడు అల్లం టీ, బెల్లం టీ, ఇరానీ, తందూరీ, లెమన్, గ్రీన్, పుదీనా అంటూ ఒక పెద్ద జాబితా. సూపర్ మార్కెట్‌లోకి వెళ్తే చామంతి, మందార, శంఖుపువ్వు పొట్లాలు. ఒకటి బరువు తగ్గిస్తానంటుంది, ఇంకోటి నిద్ర పట్టిస్తానంటుంది, మరోటి టెన్షన్ పోగొడతానంటుంది. వీటిలో కొన్నింటికి ఆధారం ఉంది, కొన్ని ఉత్త కబుర్లు. కానీ మామూలు మనిషి ఒంటి మీద టీ చూపే ప్రభావంలో పొట్లం మీది పేరుకున్న వాటా చిన్నది. ఏ వేళకు తాగారు, దాంతోపాటు ఏం తిన్నారు, ఏ మాత్ర మింగారు, పంచదార ఎంత వేశారు, పెద్ద వాటా వీటిదే.

ముందు ఆకు సంగతి. బ్లాక్ టీ, గ్రీన్ టీ, ఊలాంగ్, వైట్ టీ అన్నీ ఒకే మొక్క నుంచి వస్తాయి. కోసిన ఆకును గాలికి ఎంతసేపు నల్లబడనిచ్చారు, ఎప్పుడు వేడి చూపించి ఆపారు అన్నదే తేడా. గ్రీన్ టీకి ఆకు రంగు మారకముందే ఆవిరి పట్టో, పెనం మీద వేయించో ఆపేస్తారు. మన కొట్లలో మరిగేది సీటీసీ రకం. ఆకును పళ్ల రోలర్ల మధ్య నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. గుళికల్లో మరీ సన్నవి డస్ట్. దానికి నీళ్లు తగిలిన రెండు మూడు నిమిషాల్లోనే రంగు, కెఫీన్ చాలావరకు దిగిపోతాయి.

అందుకే 'స్ట్రాంగ్ టీ' అన్నమాటను కాస్త అనుమానంగా చూడాలి. కొట్టులో పాలు, నీళ్లు, పొడి, పంచదార ఒకే గిన్నెలో పడతాయి. పొంగు రాగానే గరిటెతో ఎత్తి పోస్తారు, మళ్లీ పొంగనిస్తారు, చివరికి గుడ్డలో వడకట్టి ఆఖరి చుక్క దాకా పిండుతారు. మొదటి పొంగు తర్వాత దిగేదాంట్లో ఎక్కువ భాగం టానిన్లు, అంటే నాలుకను పట్టుకునే వగరు. ఎర్రగా చిక్కగా ఉంది కాబట్టి హుషారు కూడా ఎక్కువిస్తుందనుకుంటే పొరపాటే.

కెఫీన్ ఎంత ఉంటుందో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఉంది. 150 మిల్లీలీటర్ల కప్పు ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. మొత్తం మీద రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దన్నది వాళ్ల సలహా. కొట్టు గ్లాసు చాలాచోట్ల ఆ కప్పులో సగమే కాబట్టి నాలుగైదు గ్లాసులు తాగేవాళ్లు కూడా ఈ హద్దు లోపలే ఉంటారు. అయితే ఆ నాలుగైదింటిలో రెండు సాయంత్రం ఆరు దాటాక పడుతుంటే లెక్క వేరు.

ఎందుకో తెలియాలంటే కెఫీన్ చేసే పని చూడాలి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది తన చోట్లలో కుదురుకునే కొద్దీ మగత పెరుగుతుంది. నెహ్రూ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టు, కెఫీన్ ఆ చోట్లలో ముందే కూర్చుంటుంది. నిద్ర తీరిపోదు, నిద్ర వస్తోందన్న కబురు అందదంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. కొందరికి మూడు గంటలే, ఇంకొందరికి ఏడు దాకా. గర్భిణులకైతే, ముఖ్యంగా ఆఖరి నెలల్లో, ఇంకా చాలా ఎక్కువ సమయం పడుతుంది. అందుకే చాలా దేశాల్లో వాళ్లకు రోజుకు 200 మిల్లీగ్రాములే హద్దుగా పెట్టారు.

ఈ ఐదు గంటల లెక్క ఎవరికన్నా ముందు తెలియాల్సింది విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఉండి చదువుకునే ఇంటర్ పిల్లలకు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), నీట్, జేఈఈ అంటూ రాత్రి పదకొండుకు ఫ్లాస్కులోంచి టీ పోసుకోవడం వాళ్లకు మామూలు. ఆ టీ మరో గంట కళ్లు తెరిపించి ఉంచుతుంది, నిజమే. కానీ పగలు చదివింది మెదడులో గట్టిపడేది నిద్రలోనే. ఆ నిద్రలోనే కోత పడుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో పిల్లలకూ టీనేజర్లకూ బరువును బట్టి కిలోకు 3 మిల్లీగ్రాములు హద్దుగా చెప్పింది. 50 కిలోల పిల్లకు అది 150, పెద్దవాళ్లకు మన పోషకాహార సంస్థ చెప్పినదాంట్లో సగం. పరీక్ష ముందు గుండె దడ, చేతుల వణుకు ఉన్న పిల్లలకు ఇంట్లోవాళ్లు 'కాస్త టీ తాగు, టెన్షన్ తగ్గుద్ది' అని గ్లాసు చేతిలో పెడుతుంటారు. అలాంటప్పుడు టీ తగ్గించడమే మందు. తెల్లవారుజామున లేచి చదివే అలవాటుంటే మాత్రం ఆ వేళకు టీ చక్కగా సరిపోతుంది.

మనసు కుదుటపరిచే గుణం టీకి అసలు లేదా అంటే ఉంది. టీ ఆకులో థియనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. 1949లో జపాన్‌లో దీన్ని మొదట వేరుచేశారు. కెఫీన్‌తో కలిసినప్పుడు ఇది కంగారు లేని చురుకునిస్తుందని కొన్ని ప్రయోగాల్లో తేలింది. అయితే ఆ ప్రయోగాల్లో వాడిన మోతాదు సాధారణంగా 100, 200 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు టీలో అంత ఉండదు. ఆఫీసు గొడవ తర్వాత కొట్టు దగ్గర నిలబడి టీ తాగితే హాయిగా అనిపించడంలో థియనిన్ పాత్ర ఎంతో, పది నిమిషాలు ఫైళ్లు వదిలి నలుగురితో మాట్లాడడం పాత్ర ఎంతో విడదీయడం కష్టం. రెండోదే ఎక్కువని అనుమానం.

'టీ పడకపోతే తలనొప్పి' అన్నది మాత్రం అనుమానం లేని నిజం. రోజూ అలవాటైన కెఫీన్ ఆగిపోతే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. ఉపవాసాల్లో, రంజాన్ మొదటి రోజుల్లో చాలామందికి పట్టే తలనొప్పికి ఆకలితోపాటు ఇదీ ఒక కారణం. వారం ముందు నుంచి రోజుకొక గ్లాసు తగ్గించుకుంటూ వస్తే ఈ బాధ ఉండదు.

ఇక అన్నింటికన్నా పెద్ద విషయం ఐరన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణం టీ అనడం అన్యాయం. తిండిలో ఐరన్ తక్కువ కావడం, నెలసరి, వరుస కాన్పులు, నులిపురుగులు, ఇలా చాలా ఉన్నాయి. కానీ తిన్న కాస్త ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వకుండా చేయడంలో టీకి గట్టి చెయ్యే ఉంది. టీలోని టానిన్లు పప్పు, ఆకుకూర, రాగిలోని ఐరన్‌ను పట్టుకుని కడుపులోనే కట్టేస్తాయి. భోజనంతో కలిపి తాగితే ఒంటబట్టే ఐరన్ సగానికి పైగా తగ్గిపోతుందని ప్రయోగాలు చెబుతున్నాయి. మాంసంలోని ఐరన్ మీద ఈ దెబ్బ తక్కువ, కాబట్టి శాకాహారులకే నష్టం ఎక్కువ.

మన ఇళ్లలో టీ పడే వేళలు చూడండి. పొద్దున్న ఇడ్లీ ప్లేటు పక్కనే గ్లాసు. మధ్యాహ్నం రెండున్నరకు పప్పు, తోటకూర వేపుడుతో అన్నం తిన్న ఇల్లాలు గిన్నెలు సర్దేసి మూడింటికల్లా టీ పెట్టుకుంటుంది. ఆ తోటకూరలో దక్కాల్సింది ఆ గ్లాసులో పోతుంది. పోషకాహార సంస్థ చెప్పిన సూత్రం తేలిక: భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దు. మూడింటి టీని నాలుగుకు జరిపితే చాలు, మానేయక్కర్లేదు. అన్నంలోకి ఒక నిమ్మచెక్క పిండుకుంటే అందులోని సి విటమిన్ ఐరన్‌ను ఒంటబట్టిస్తుంది. రక్తం తక్కువగా ఉన్నవాళ్లు అస్సాం మంచిదా, నీలగిరి మంచిదా అని ఆలోచించేకంటే ఈ గంట సంగతి చూసుకోవడం మేలు. గ్రీన్ టీకి మారినా ఈ విషయంలో తప్పించుకున్నట్టు కాదు, దానిలోనూ ఐరన్‌ను పట్టేసే పదార్థాలు ఉన్నాయి. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రను టీతో మింగడమైతే మాత్ర వృథా చేసుకోవడమే.

ఇక్కడే బెల్లం టీ గురించి చెప్పాలి. 'బెల్లంలో ఐరన్ ఉంది, షుగర్ వాళ్లకూ మంచిదే' అన్న ప్రచారంతో ఆ బోర్డులు ఊరూరా లేచాయి. బెల్లంలో ముప్పాతిక వంతో అంతకంటే ఎక్కువో ఉండేది పంచదారలోని సుక్రోజే. రక్తంలో గ్లూకోజ్ పెరగడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఐరన్ ఉన్నా చెంచాడు బెల్లంలో కొంచెమే, దాన్నీ పక్కనున్న టానిన్ వదలదు. రుచి కోసమైతే హాయిగా తాగొచ్చు. ఇంట్లో చేసుకునేవాళ్లు పొయ్యి మీద మరుగుతున్న పాలల్లో బెల్లం వేస్తే విరిగిపోతాయి, దించి కాస్త ఆగి కలపాలి. అల్లం టీకీ ఇలాంటి కిటుకే ఉంది. పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో మరిగించి, ఆ తర్వాతే పాలు పోయాలి.

చక్కెర లెక్క ఇలా వేసుకోవచ్చు. గ్లాసుకు రెండు చెంచాలు, రోజుకు ఐదు గ్లాసులు అంటే పది చెంచాలు, 40 నుంచి 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన గరిష్ఠ హద్దు, 2000 కేలరీల తిండి తినేవాళ్లకు, సుమారు 50 గ్రాములు. 25 లోపైతే ఇంకా మంచిది. అంటే స్వీటు, బిస్కెట్ ఏదీ ముట్టకుండానే టీతోనే కోటా అయిపోతుంది. షుగర్, బరువు సమస్యలున్నవాళ్లకు 'ఏ టీ' అన్న ప్రశ్నకు నిజమైన జవాబు 'పంచదార లేనిది' అన్నదే. కొట్లలో పంచదార గిన్నెలోనే మరిగిపోతుంది కాబట్టి విడిగా డికాషన్, పాలు ఉంచే చోటు వెతుక్కోవాలి. పాలు లేని లెమన్ టీ కూడా పంచదార వద్దని ముందే చెప్తే తప్ప పనికిరాదు.

గుంటూరు భోజనం తర్వాత వచ్చే ప్రశ్న కడుపుది. కారప్పొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి తిన్నాక గుండెల్లో మంట వస్తే చాలామంది పుదీనా టీ చల్లదనమని తాగుతారు. ఈ సలహా తిరగబడుతుంది. అన్నవాహికకూ కడుపుకూ మధ్య ఉండే కండరాల కవాటాన్ని పుదీనా వదులు చేస్తుంది, దాంతో ఆమ్లం పైకి తన్నడం ఎక్కువవుతుంది. కడుపుబ్బరం, పేగుల్లో పట్టేసినట్టుండే నొప్పికైతే పుదీనా మంచిదే. కెఫీన్ కూడా ఆ కవాటాన్ని వదులు చేస్తుంది, ఆమ్లాన్ని పెంచుతుంది. అందుకే పరగడుపున టీ పడనివాళ్లకు ఆకు మార్చడం వల్ల ఒరిగేది తక్కువ. ముందు రెండు ముద్దలు ఏదో ఒకటి తినడమే దారి. వికారానికి అల్లం పనిచేస్తుందనడానికి మాత్రం మంచి ఆధారాలున్నాయి, గర్భిణులకు పొద్దున్నే వచ్చే వికారంతో సహా. దానికి టీ పొడి అవసరం కూడా లేదు, శొంఠి వేసి కాచిన నీళ్లు చాలు.

బీపీ ఉన్నవాళ్ల కోసం అమ్మే మందార టీ వెనక మన ఊరి సంగతి ఒకటి దాగుంది. ఆ పొట్లాల్లో ఉండేది పెరటి మందార పువ్వు కాదు. మన ఎర్ర గోంగూర మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి కండగల తొడుగులు. అమెరికాలో 65 మంది మీద చేసి 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవాళ్లకు పై బీపీ సగటున 7 పాయింట్లు తగ్గింది. అది మాత్ర మానేసేంత తగ్గుదల కాదు. పైగా ఇప్పటికే బీపీ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా దీన్ని జత చేస్తే బీపీ మరీ పడిపోవచ్చు. గర్భిణులకు ఇది వద్దు. పెరటి మందార రేకులు మరిగిస్తే ఇదే ఫలితం వస్తుందనుకోవడానికి ఆధారం లేదు.

గ్రీన్ టీతో బరువు తగ్గుతుందన్న మాటకు అంత సీన్ లేదు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే తగ్గుదల చెప్పుకోదగ్గంత లేదు. పాలూ పంచదారా పోసిన మూడు గ్లాసుల బదులు ఉత్త గ్రీన్ టీ తాగడం వల్ల మిగిలే కేలరీలే అసలు లాభం. చేదుగా ఉందని తేనె పోస్తే అదీ పోతుంది. ఆ చేదుకు సగం కారణం మరుగుతున్న నీళ్లే. నీళ్లు దించి రెండు మూడు నిమిషాలు ఆగి, ఆకు వేసి రెండు నిమిషాల్లో వడకట్టేస్తే చాలా తగ్గుతుంది. కప్పులో తాగే గ్రీన్ టీతో భయం లేదు. దాని సారాన్ని మాత్రలుగా మింగడం మాత్రం కాలేయానికి ముప్పు తేవచ్చని ఐరోపా సంస్థ 2018లో హెచ్చరించింది.

పాలు కలపడం మంచా చెడా అన్నదానికి ఒక్క జవాబు లేదు. 2007లో బెర్లిన్‌లో 16 మంది ఆడవాళ్ల మీద చేసిన చిన్న ప్రయోగంలో, బ్లాక్ టీ రక్తనాళాలను సడలించే గుణం పాలు కలపగానే మాయమైంది. అదే కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకైతే పాలే మేలు. రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్ టీలో ఉంటుంది, దాన్ని పాల కాల్షియం పేగుల్లోనే పట్టేస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు పాలైనా, పాలు లేకపోయినా ఒకటే నియమం: మాత్ర మంచినీళ్లతో, టీ కనీసం అరగంట, వీలైతే గంట తర్వాత.

ఎండాకాలం సంగతి వేరుగా చూడాలి. వేడి టీ తాగితే చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుందన్న పాత మాట శాస్త్రం ప్రకారం తప్పు కాదు, కానీ దానికి షరతుంది. పట్టిన చెమట ఆరాలి. పొడిగాలి వీచే చోట అది ఆరుతుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోసే బెజవాడ సాయంత్రం చొక్కా తడిసి ఒంటికి అతుక్కున్నప్పుడు ఒంట్లో వేడి పెరుగుతుంది తప్ప తగ్గదు. మేలో గుంటూరు మిర్చి యార్డులో ఘాటు మధ్య టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీకి టీ అలసట మరిపిస్తుంది, పోయిన ఉప్పును మాత్రం తిరిగివ్వదు. ఆ పని ఉప్పు వేసిన పల్చటి మజ్జిగదే. మామూలు మోతాదులో టీ ఒంట్లో నీళ్లు లాగేస్తుందన్నది కూడా అంత నిజం కాదు, తాగిన నీటిలో చాలాభాగం ఒంటికి దక్కుతుంది. పొగలు కక్కుతుండగానే గటగటా తాగే అలవాటు మాత్రం మానుకోవాలి. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమవుతాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది. ఇక పేపర్ కప్పు గురించి: దాని లోపలి ప్లాస్టిక్ పూత నుంచి 15 నిమిషాల్లో వేలకొద్దీ సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వేడి నీటిలోకి దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ 2020లో లెక్కగట్టింది. గాజు గ్లాసు ఇచ్చే కొట్టు ఉంటే అక్కడికే వెళ్లడం మంచిది.

రాత్రి భోజనం తర్వాత వెచ్చగా ఏదో ఒకటి గొంతులో పడాలనుకునేవాళ్లకు చామంతి, సోంపు, శంఖుపువ్వు వంటివి సరిపోతాయి, వీటిలో కెఫీన్ ఉండదు. చామంతి నిద్ర పట్టిస్తుందనడానికి ఆధారాలు అంతంతమాత్రమే. నిద్ర చెడగొట్టదు, అది చాలు.

ఆ రాత్రంతా మెలకువగా ఉండాల్సినవాళ్లకు మాత్రం కెఫీన్ కావాలి. చెన్నై–కోల్‌కతా హైవే మీద కాజా టోల్‌గేట్ దాటి వెళ్లే లారీ డ్రైవర్లు, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులు ఆ కోవలోకి వస్తారు. కెఫీన్ పనిచేయడం మొదలు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కళ్లు మూతలు పడుతున్నాయని టీ తాగి వెంటనే స్టీరింగ్ పట్టుకుంటే ఆ అరగంటా ప్రమాదమే. బ్రిటన్‌లో డ్రైవింగ్ మీద 1990ల్లో చేసిన ప్రయోగాల్లో బాగా పనిచేసిన పద్ధతి ఒకటుంది. కెఫీన్ తీసుకుని, బండి పక్కన ఆపి, అలారం పెట్టుకుని పదిహేను నిమిషాలు కునుకు తీయడం. లేచేసరికి కునుకు వల్ల మగత కొంత తగ్గి ఉంటుంది, కెఫీన్ కూడా అప్పుడే అందుకుంటుంది. ఆ ప్రయోగాల్లో ఇచ్చిన కెఫీన్ 150 నుంచి 200 మిల్లీగ్రాములు, ఒకటి రెండు కొట్టు గ్లాసుల టీలో అంత ఉండదు, దాదాపు రెండు కప్పుల ఫిల్టర్ కాఫీ కావాలి. ఆ హుషారు గంటో రెండు గంటలో నిలుస్తుంది. మళ్లీ కళ్లు మూతలు పడితే మరో గ్లాసు పనిచేయదు, బండి ఆపి నిద్రపోవాల్సిందే.